తుమ్మలమిట్ట బాటకు తారు పోయకండి

రోడ్డు వేయమని అడిగేవాళ్లంత స్వార్థపరులు లోకంలో మరొకరు లేరు. తారు పోయడం ఎంతసేపు? పోశాక గుంత కావాలంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? తారు రోడ్డుకీ గుంతలు పడతాయనుకోండి, కానీ పుట్టుకతో వచ్చిన గుంతకున్న అందం వాటికి రాదు!

నమ్మకం కుదరకపోతే భానుప్రకాశ్ సంగతి వినండి. వనపర్తిలో పుట్టి, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, నున్నటి రోడ్ల మీద తిరిగి తిరిగి విసిగిపోయిన మనిషి. ఫోనులో ఏదో దూరదేశపు వీడియోలు చూశాడు. మట్టి బాట, కనుచూపు మేర మనిషి జాడ లేదు, జీపు వెనక ఒక క్యాంపర్ ట్రెయిలర్. అంటే జీపుకు తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లన్నమాట. లోపల పరుపు, స్టవ్వు, చేతులు కడుక్కునే సింకు. అలా ఒక్కసారైనా తిరక్కపోతే తన జన్మ దండగ అనిపించింది అతనికి.

దానికి అంత దూరం దేనికండీ? వీసా అక్కర్లేదు, విమానం అక్కర్లేదు, మానవపాడు దాటితే తుమ్మలమిట్ట ఉంది! ఆ ఊరి బాట ఇప్పటిదాకా ఏ ఇంజనీరు చెయ్యీ సోకని స్వచ్ఛమైన నల్లరేగడి. వాన వెలిసిన మర్నాడే భానుప్రకాశ్ ఒక తెల్లటి ట్రెయిలర్ అద్దెకు తీసుకుని, భార్య జయశ్రీని ఎక్కించుకుని బయల్దేరాడు.

ఆ బాట చేసే మేలు అంతా ఇంతా కాదు. ఊళ్లో దొంగలు పడరు. పడ్డా సొమ్ముతో బయటికి పోలేరు. నెలలు నిండకముందే కోడళ్లను తీసుకెళ్లి రోడ్డు పక్క ఊళ్లో చుట్టాలింట దించి వస్తారు, నొప్పులు మొదలయ్యాక బాట దాటలేరు కాబట్టి. అలా చుట్టరికాలు పచ్చగా ఉంటాయి. తారు రోడ్డున్న ఊళ్లలో ఇంత ఆప్యాయత ఎక్కడైనా చూశారా?

ఊరి బయట జీపు ఆపి, కెమెరా పెట్టి, "ఇక్కడ మనుషులే ఉండరు ఫ్రెండ్స్" అని భానుప్రకాశ్ మొదలుపెట్టాడో లేదో, గొర్రెల మంద వచ్చి అతన్ని చుట్టేసింది. దాని వెనక కిష్టమ్మ అనే గొర్రెల కాపరి. ఆమె ఒక గొర్రెను ఎత్తుకొచ్చి, దాని నోరు తెరిచి పట్టుకుని అతని ముందు నిలబడింది. ఇది పల్లె మర్యాద కాబోలనుకుని అతను నమస్కారం పెట్టాడు.

"ముందుగాల దీనికి పొయ్యుండ్రి సారూ. నిన్నటిసంది పారుతున్నది" అన్నదామె.

ఆమె తప్పేం లేదు. తుమ్మలమిట్టకు తెల్ల బండి వచ్చేది ఓట్లప్పుడు, లేదంటే గొర్రెలకు మందు పోసేటప్పుడు. ఇప్పుడు ఓట్లు లేవు కదా!

తను డాక్టరును కానని, ఊరికే తిరగడానికి వచ్చానని అతను నచ్చజెప్పాడు. ఈ బాట మీద ఊరికే ఎవరన్నా ఎందుకు తిరుగుతారో కిష్టమ్మకు ఎంతకూ అర్థం కాలేదు. మందుల బండి బురదలోకి రాదని, గొర్రెలనే మానవపాడు పశువుల దవాఖానకు తెమ్మన్నారని చెప్పింది. పారుడుతో, అంటే విరేచనాలతో నీరసించిన గొర్రె అంత దూరం నడవలేదు. మంద పోతే ఆమెకు వేరే బతుకు లేదు. ఈ చివరి మాట ఆమె గొర్రె వైపు చూస్తూ చెప్పింది.

జయశ్రీ దిగి ట్రెయిలర్ తలుపు తీసింది. పరుపు అద్దెదని భానుప్రకాశ్ గొణిగాడు.

"పరుపు ఉతుక్కోవచ్చు. ఎక్కించండి" అన్నదామె.

నడవలేని గొర్రెలన్నిటినీ ఎక్కించారు. వాటి మధ్య కిష్టమ్మ కూర్చుంది. సగం దూరం పోయాక చక్రం ఇరుసు దాకా దిగబడింది. పొద్దున ఇదే గుంతను మురిసిపోతూ వీడియో తీసుకున్న మనిషి ఇప్పుడు మోకాళ్ల లోతు బురదలో దిగి ట్రెయిలర్ నెట్టాడు. నెట్టి నెట్టి, ఎవర్ని తిట్టాలో తెలియక ఏడ్చాడు. చేలల్లోంచి జనం వచ్చి చెయ్యి వేసేసరికి ఒక గొర్రె కిష్టమ్మ ఒళ్లోనే కన్నుమూసింది. దవాఖానలో మిగతావి బతికాయి. ఊళ్లో ఉన్నవాటికీ మందిచ్చి పంపారు.

ఆ రోజే అతను వీడియో పెట్టాడు. దయచేసి ఈ ఊరికి రోడ్డు వేయండి అని చేతులు జోడించాడు. లక్షల మంది చూశారు. చూసింది మాత్రం బురదను! "లొకేషన్ పెట్టు అన్నా" అని కింద ఒకటే కామెంట్లు. ఆదివారం వచ్చేసరికి తుమ్మలమిట్టకు జీపులు బారులు తీరాయి.

ఇంత పేరొచ్చాక కూడా తారు పోస్తే పాపం కాదూ? అక్కడి నాయకుడు దూరదృష్టి ఉన్నవాడు. బాటను ఉన్నది ఉన్నట్టే కాపాడతామని, దీన్ని 'అడ్వెంచర్ రూట్' చేస్తామని ప్రకటించాడు. బాట మొదట్లో ఆకాశమంత సిమెంటు కమాను కట్టించాడు. రంగులు, లైట్లు, స్వాగతం సుస్వాగతం! ప్రారంభోత్సవానికి భానుప్రకాశే ముఖ్య అతిథి. అతను రోడ్డు మాట ఎత్తగానే ఎవరో మెడలో దండ వేసి, మైకు మర్యాదగా అందుకున్నారు.

పోతూ పోతూ నాయకుడు కిష్టమ్మ దగ్గర ఆగి, ఊరికి ఇంకేం కావాలో అడగమన్నాడు. ఇంత చేశాక కూడా ఆమె స్వార్థం చూడండి! కమాను వైపు తలెత్తి కాసేపు చూసి అడిగింది.

"దాన్ని జర పండవెట్టుండ్రి సారూ. గంత దూరమన్న సిమెంటు రోడ్డయితది."