సుగుణకు రెండు ఆధారాలు

చేతులు రెండూ మోచేతుల దాకా కనబడకుండా పోయినా సుగుణ దోసెలు వేస్తూనే ఉంది గానీ, ఆవిడకి ఆధారాలు వెతకాల్సింది ఎవరన్న గొడవ మాత్రం పొద్దుటి నుంచీ తెగలేదు.

"నీ భార్య కదా నాన్నా, నువ్వే వెతకాలి," అంది కూతురు ప్రణతి.

"రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చునేది నువ్వేగా!" అన్నాడు భానుమూర్తి.

"ఎవరో ఒకరు చూడండర్రా," అంది అతని తల్లి కస్తూరమ్మ. "గాల్లో అట్లకాడ తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి."

నిబంధన కొత్తదేం కాదు. మనిషి కనబడాలంటే అచ్చులో ఒకటి, డిజిటల్‌లో ఒకటి, రెండు ఆధారాలు ఉండాలి. ప్రభుత్వం ఇచ్చిన కార్డులు అందరి దగ్గరా ఉంటాయి కాబట్టి లెక్కలోకి రావు. ఆధారాలు లేనివాళ్లు చేతులతో మొదలై నెలాఖరుకి పూర్తిగా కనబడకుండా పోతారు. ఇంటిపని చేసుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు.

ప్రణతి ఫోన్‌లో ఊటీ, పుట్టినరోజులు, వినాయక చవితి అన్నీ ఉన్నాయి. ఫోటోలు తీసింది సుగుణే కాబట్టి ఆవిడ వాటిలో లేదు. ఒకదాంట్లో మూలన బొటనవేలు అడ్డం పడింది గానీ, అది పూర్తి మనిషికి సరిపోదు. భానుమూర్తి ఫోన్‌లో భార్య నంబరు 'ఇల్లు' అని ఉంది. ఆ పేరుతో నెట్‌లో వెతికితే అపార్ట్‌మెంట్ల ప్రకటనలు వచ్చాయి. గృహప్రవేశం కార్డులో 'భానుమూర్తి దంపతులు' అని ఉంది. చివరికి బీరువా అడుగున పెళ్లి కార్డు దొరికింది. అందులో పెళ్లికూతురి పేరు కస్తూరి.

అత్తగారి పేరూ అదే కావడంతో, కోడల్ని అలా పిలవడం బాగుండదని పీటల మీదే సుగుణ అని మార్చారు. ఆ సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయారు.

కార్డు తీసుకుని భార్యాభర్తలిద్దరూ గ్రంథాలయంలోని ఆధారాల విభాగానికి వెళ్లారు. అక్కడి ఉద్యోగిని కార్డు చూసి, పాత కాలేజీ సంచికలు దించి, కంప్యూటర్‌లోనూ వెతికింది.

"కస్తూరిగారికి బ్రహ్మాండంగా ఉన్నాయండీ. సంచికలో కబడ్డీ జట్టు కెప్టెన్‌గా ఫోటో ఉంది. నెట్‌లో ఎవరో స్నేహితురాలు 'మా కస్తూరి ఎక్కడుందో తెలిస్తే చెప్పండి' అని నాలుగేళ్లుగా అడుగుతోంది. సుగుణగారికే ఏమీ లేవు."

"ఇద్దరూ నేనేనండీ," అంది సుగుణ.

"ఆ మాటకి ఆధారం ఉందా?"

"నేను చెబుతున్నాగా!" అన్నాడు భానుమూర్తి.

"నోటిమాట చెల్లదు సార్."

"పోనీ, ఇప్పుడే ఒక ఫోటో తీసి పెట్టేస్తాం."

"చేతులు పోయాక తీసినవి చెల్లవు సార్. అందరూ అప్పుడే తీస్తారు." ఆమె సుగుణ వైపు తిరిగింది. "మీ మొహం సంచికలో ఫోటోతో కలుస్తోంది కాబట్టి, కస్తూరిగా నమోదైతే సోమవారం నుంచి నిక్షేపంగా కనబడతారు. కాకపోతే ఆవిడకి పెళ్లి కుదిరినట్టుంది గానీ, మీ ఇంట్లో ఉన్నట్టు ఎక్కడా లేదు. ఆలోచించుకోండి."

దారిలో భానుమూర్తి చాలాసేపు ఆలోచించాడు. "కనబడకపోతే మాత్రం ఏమైందిలే. నువ్వున్నావని మాకు తెలుసుగా," అన్నాడు. సుగుణ ఆ స్నేహితురాలి పేరు గుర్తు తెచ్చుకుంటోంది.

రాత్రి అన్నాల దగ్గర పప్పుగిన్నె తనంతట తాను ఒక్కో కంచం దగ్గరికీ వచ్చి ఆగింది. ఎవరూ తలెత్తలేదు. అందరికీ మజ్జిగ పోశాక సుగుణ నెమ్మదిగా చెప్పింది.

"సోమవారం నుంచి సుగుణ కనబడదు. కస్తూరి అని ఒకావిడ ముందు గదిలో దిగుతుంది."

"నా పేరు పెట్టుకుని ఇంకొకత్తా!" అంది కస్తూరమ్మ.

"మరి వంటో?" అన్నాడు భానుమూర్తి.

"ఆవిడ ఇక్కడ వంట చేసినట్టు ఏ ఆధారంలోనూ లేదండీ," అంది సుగుణ. "పొద్దున లేవగానే కాఫీ మాత్రం కావాలి ఆవిడకి. ఎవరు కలిపిస్తారో మీలో మీరు అనుకోండి."