ఎడమవైపుది మనది

ఆ రోజు చేయాల్సిన పనులను లిఫ్టుల ఇన్‌స్పెక్టరు పొద్దున్నే చీటీ మీద రాసుకున్నాడు. పదింటికి పాత ఏసీ దించడం, పన్నెండింటికి కొత్తది బిగించడం, అయిదింటికి అత్తగారు రావడం. అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. పది రోజులపాటు చెమట కంట్లోకి జారకూడదని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. "మీ అమ్మ ఇంట్లో అడుగు పెట్టేసరికి గది చల్లగా ఉంటుంది, పూచీ నాది," అని ఆయన భార్యకు మాటిచ్చాడు.

ఆ మాట ఇవ్వడానికి ఆయన ప్రాణం ఎంత గిలగిలలాడిందో భార్య ఒక్కదానికే తెలుసు. లిఫ్టులు తనిఖీ చేసి సంతకాలు పెట్టడం ఆయన ఉద్యోగం. యంత్రాన్ని సరిగ్గా చూసుకుంటే పదిహేనేళ్ళు పనిచేసి తీరాలన్నది ఆయన సిద్ధాంతం. ఏసీ కొని తొమ్మిదేళ్ళయింది. ఏడాదికి రెండుసార్లు బయటి యూనిట్‌ను దగ్గరుండి కడిగించాడు. తేదీలన్నీ ఒక పుస్తకంలో ఉన్నాయి. ఎండ తగలకుండా దాని మీద రేకు వేయించాడు, పావురాలు వాలకుండా వల కట్టించాడు. ఇంత చేసినా మూడేళ్ళుగా అది గది చల్లబడడానికి గంటన్నర తీసుకుంటోంది, పైగా మూలుగుతోంది. "దాని పనైపోయిందండీ, మార్చేద్దాం," అని భార్య మూడు వేసవులుగా పోరుతూనే ఉంది. "సర్వీసింగు చేయించిన యంత్రం తొమ్మిదేళ్ళకే పోదు," అని ఆయన మూడు వేసవులుగా చెమటలు కక్కుతూనే చెబుతున్నాడు.

ఆయన కడుపుమంటకు అసలు కారణం పక్కింటి డ్రాయింగు మాస్టారి ఏసీ. రిటైరై ఒంటరిగా ఉంటున్న మాస్టారు పద్నాలుగేళ్ళలో దానికి చుక్క నీళ్ళు చూపించలేదు. రెండిళ్ళ బయటి యూనిట్లూ మెట్ల కిటికీ అవతల ఒకే సిమెంటు పలక మీద పక్కపక్కనే ఉంటాయి. ఇన్‌స్పెక్టరు ఇంటి వైపు ఉన్న ఎడమది అద్దంలా మెరుస్తుంది. మాస్టారి ఇంటి వైపు ఉన్న కుడిదాని నిండా దుమ్ము, పుల్లలు, పావురాల సంసారం. అయినా సరే, మాస్టారి గదిలో పది నిమిషాల్లో దుప్పటి కప్పుకోవాల్సిందే. "నేను దాన్ని ముట్టుకోను, అది నన్ను ఇబ్బంది పెట్టదు. మీరు మరీ కడిగేస్తున్నారండీ, అందుకే మీది అరిగిపోయింది," అని మాస్టారు సలహా ఇచ్చినప్పుడల్లా ఇన్‌స్పెక్టరుకు ఒళ్ళు మండిపోయేది.

పదింటికి రావలసిన మెకానిక్కు పదకొండుకు కొత్త ఏసీతో వ్యాను దిగాడు. ఇన్‌స్పెక్టరు అతన్ని మెట్ల కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వేలు చూపించాడు. "ఎడమవైపుది మనది. రేకు వేసి ఉంది చూడు, అది."

"కొత్తదానిలా ఉంది కదా సార్. దీన్నా తీసేది?"

"పైకి అలాగే ఉంటుంది. లోపల ఏమీ లేదు."

"పైపు ఎటు పోతోందో ఒకసారి చూసుకుందామా?"

"తొమ్మిదేళ్ళుగా కడిగిస్తున్నానయ్యా. నా ఏసీ నాకు తెలియదా?"

మెకానిక్కు కిటికీ దాటి పలక మీదికి దిగాడు. ఎలాగూ పాత ఇనుముకు పోయేదే కనుక పైపులు కత్తిరించి, దాన్ని దించి వ్యానెక్కించాడు. కొత్త యూనిట్‌ను అదే చోట నిలబెట్టాడు. డ్రైవరు పాతదాన్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటిదాకా బ్యాంకు పని మీద బయట ఉన్న మాస్టారు పన్నెండింటికి వచ్చి తలుపు తట్టారు. "ఇన్‌స్పెక్టరు గారూ, మా ఏసీ ఉన్నట్టుండి ఉత్త గాలి కొడుతోందండీ. పొద్దున బానే ఉంది."

ఇన్‌స్పెక్టరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. తర్వాత తన సర్వీసింగు పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు.

"ఉన్నట్టుండి కాదు మాస్టారూ. మనం పట్టించుకోకపోతే లోలోపల చస్తూ వస్తుంది. మీదానికి పద్నాలుగేళ్ళు. ఆయుష్షు తీరిపోయింది."

"పోనీ రిపేరు చేయిస్తే?"

"పదేళ్ళు దాటినదానికి పెద్ద రిపేరు వస్తే ఇక మార్చేయడమే. మీది కంప్రెసర్ పోయింది." చూడకుండానే తేల్చేశాడు.

మాస్టారి మొహం చిన్నబోయింది. "మీరు చెబుతూనే ఉన్నారు. నేనే చెవిన పెట్టలేదు," అన్నారు. ఈ ఒక్క మాట కోసం ఇన్‌స్పెక్టరు తొమ్మిదేళ్ళు ఎదురుచూశాడు. ఆ సంతోషంలో జాలి కూడా పుట్టి, మెకానిక్కును వెంటబెట్టుకుని మాస్టారి గదిలోకి నడిచాడు. గోడ మీది పెట్టెను కూడా దగ్గరుండి పీకించాడు. దించుతుంటే అది చేయి జారి కిందపడి పగిలింది. "పర్లేదులే, ఎలాగూ పోయిందే కదా," అన్నాడు.

రెండింటికి తన గదిలో పని మొదలైంది. గోడ మీది పెట్టె వెనకున్నది కత్తిరించిన పైపే కనుక లాగగానే ఊడి రావాలి. మెకానిక్కు లాగాడు, రాలేదు. రెండు చేతులతో లాగాడు. బయట దడదడమని చప్పుడైంది. కొత్తది ఎలా ఉందో చూద్దామని మెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళిన భార్య అక్కడి నుంచే పిలిచింది. "ఏమండీ, మీరు అక్కడ లాగుతుంటే ఇక్కడ మాస్టారి ఏసీ కదులుతోంది. పావురాలు ఎగిరిపోయాయి."

"ఇంకోసారి లాగు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కదిలింది," అంది భార్య.

"ఇంకొక్కసారి."

"లాగింది చాలు సార్," అన్నాడు మెకానిక్కు. "పైపులు బయట అడ్డంగా దాటించారు. ఎడమది కుడి ఇంటికి, కుడిది ఎడమ ఇంటికి. మీరు ఎప్పుడూ చూసుకోలేదా?"

లిఫ్టు తీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా కళ్ళతో పట్టుకుపోకుండా సంతకం పెట్టని మనిషి కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ పైపులను మొదటిసారి చూశాడు. పద్దెనిమిది సర్వీసింగులు, రేకు, వల, అన్నీ మాస్టారి ఏసీకి చేయించాడు. తన ఏసీని పావురాలకు వదిలేశాడు. వెంటనే డ్రైవరుకు ఫోను చేస్తే, "అప్పుడే విప్పేశారు సార్, రాగి వేరు, రేకు వేరు," అన్నాడు.

గుమ్మంలో నిలబడి మాస్టారు అంతా విన్నారు. ఆయన కోప్పడినా బాగుండేది.

"అయితే మాది పోలేదా?"

"లేదండీ."

"కంప్రెసర్ కూడానా?"

"బాగానే ఉండేదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు నేల చూపులు చూస్తూ.

భార్య ఇక ఆగలేకపోయింది. "ఆ కొత్తది మాస్టారి గదిలో బిగించేయ్," అని మెకానిక్కుతో చెప్పింది.

"మరి మీ అమ్మ..." అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నిక్షేపంలా ఉన్నదాన్ని పీకి పారేసి, పెద్దాయన్ని ఉక్కలో కూర్చోబెడతారా? మా అమ్మకి నేను విసురుతాలెండి."

మాస్టారి గదిలో పని పూర్తయ్యేసరికి నాలుగు దాటింది. తల ప్రాణం తోకకొచ్చిన ఇన్‌స్పెక్టరు మెట్ల మీద కూలబడ్డాడు. చీటీ చెమటకు తడిసిపోయింది. ఈ ఇంట్లో తన మాటకు ఇక విలువ ఉండదని దిగులుపడ్డాడు. మెకానిక్కు ఆయన వంక, కుడివైపు యూనిట్ వంక చూసి, "ఇంకా టైముంది సార్. దీన్ని ఒకసారి కడిగి చూద్దాం. పుట్టాక ఇదే మొదటి స్నానం," అన్నాడు.

పుల్లలు, ఈకలు, తొమ్మిదేళ్ళ దుమ్ము బకెట్లకొద్దీ వచ్చాయి. అయిదింటికి పావు తక్కువకు ఆన్ చేశారు. మూలుగు లేదు. పది నిమిషాల్లో భార్య చలికి చేతులు కట్టుకుంది. మొగుడి వంక మాత్రం చూడలేదు.

అయిదింటికి అత్తగారు నల్ల కళ్ళజోడుతో వచ్చి మంచం మీద కూర్చున్నారు. "ప్రాణం లేచొచ్చింది అల్లుడు గారూ. ఎంతైనా కొత్తది కొత్తదే. ఆ పాత డొక్కును ఎప్పుడో వదిలించుకోవాల్సింది."

"అవునండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కాసేపటికి మాస్టారు పలకరించడానికి వచ్చారు. కొత్త ఏసీ బ్రహ్మాండంగా ఉందని చెప్పి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు. "దీన్ని కూడా పాతదానిలాగే చూసుకోవాలనుకుంటున్నానండీ."

"అంటే?"

"నేను ముట్టుకోను."

ఇన్‌స్పెక్టరు పుస్తకం తీసి, వచ్చే సర్వీసింగు తేదీ పక్కన 'రెండూ' అని రాసుకున్నాడు.