ఇంటి చెమట అంటని జెర్సీ

మనిషికి పట్టే చెమట రెండు రకాలని మ్యాచ్ జెర్సీల ధ్రువీకరణ మండలి ఏనాడో తేల్చేసింది: ఆట చెమట, ఇంటి చెమట. మొదటిది చరిత్ర. రెండోది మురికి. (శాస్త్రవేత్తలకు ఈ తేడా ఇంకా తెలియదు. వాళ్లకు మండలిలో సభ్యత్వం లేదు.)

మా బావగారు హాకీ మహామహులు మ్యాచ్‌లో వేసుకున్న జెర్సీలు సేకరిస్తారు. ముందుగది నిండా అద్దాల ఫ్రేములే. చోటు చాలక పెళ్లి ఫొటో వంటగదిలో సిలిండర్ వెనక్కి వెళ్లింది. ఒక్క ఫ్రేము మాత్రం ఖాళీ. అది ఫైనల్‌లో ఒక్క గోలూ పడనివ్వని గోల్‌కీపర్ జెర్సీ కోసం. అభిమానులు ఆయన్ని ‘గోడ’ అంటారు. బావగారు చెప్పులరిగేలా ఆయన ఇంటి చుట్టూ తిరిగితే, చివరికి పెద్దాయన, “నన్ను బతకనిచ్చేలా లేవు, తీసుకుపో” అన్నారు. అయితే మండలి ముద్ర పడని జెర్సీ ఉత్త బనీనుతో సమానం.

అందుకే అందరం మండలికి వెళ్లాం: బావగారు, అక్క, నేను, పెద్దాయన, ఆయన భార్య. జెర్సీని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదని పెద్దాయనకు కూడా చేతితొడుగులు ఇచ్చారు.

చెమట విభాగం పర్యవేక్షకుడు భూతద్దం పెట్టి చూశాడు. “మోచేతి చిరుగు ఫైనల్ మ్యాచ్ ఫొటోతో సరిపోయింది. మరి కాలరు ఇంత అరిగిందేం?”

“రిటైరయ్యాక ఇంట్లో కూడా ఇదే వేసుకున్నానయ్యా. మెత్తగా ఉంటుందని.”

పర్యవేక్షకుడు పెన్ను కింద పెట్టాడు. ఇంటి చెమట ఒక్క బొట్టు కలిసినా జెర్సీ ‘గృహోపయోగ వస్త్రం’ అయిపోతుంది. ఆ తరగతిలో దానికి తోడు మసిగుడ్డ ఉంటుంది.

“ఇంట్లో ఏమేం పనులు చేసేవారు?”

“అన్నిట్లో సాయం చేసేవాణ్ణి.”

“ఏం సాయమండీ?” అంది ఆయన భార్య, ఒళ్లో సంచీ సర్దుకుంటూ. “చెప్పండి, నేనూ వింటాను.”

పెద్దాయన ఫ్యాను వైపు చూశారు.

“రాసుకో నాయనా,” అందావిడ. “ఈయన తాగిన గ్లాసు కూడా తీసి అవతల పెట్టరు. అది తొడుక్కుని కుర్చీలో కూర్చునేవారు. దుమ్ము పట్టిందేమో గానీ చెమట ఎక్కడిది?”

“దుమ్ముకు అభ్యంతరం లేదమ్మా. బరువులు మోయడం?”

“నేనే.”

“పిల్లల్ని ఎత్తుకోవడం?”

“ఒకసారి, ఫొటో కోసం.”

“ఫొటోకు మినహాయింపు ఉంది. ఉతికారా?”

“ఉతకనిస్తేగా! ముట్టుకుంటే ఇల్లెగిరిపోయేలా అరిచేవారు.”

పెద్దాయనకు రోషం వచ్చింది. “అదేంటే! ఓసారి మంచం జరిపాను కదా!”

బావగారు రెండు చేతులూ జోడించారు. “జరపలేదని చెప్పండి సార్! మీ కాళ్లు పట్టుకుంటాను!”

“జరిపానయ్యా!”

“సాక్షి ఉన్నారా?” అన్నాడు పర్యవేక్షకుడు.

“కాలు తగిలి మంచం దానంతటదే జరిగింది,” అందావిడ.

ముద్ర పడింది. ‘అత్యుత్తమ శ్రేణి. ఇంటి చెమట: శూన్యం.’ బావగారు ఆనందం పట్టలేక ఏడ్చేశారు. (పెళ్లిలో కూడా ఇంత సంబరపడలేదని అక్క నా చెవిలో చెప్పింది.) పెద్దాయన మాత్రం తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా నిలబడ్డారు. పాపం అనిపించింది.

అక్క కౌంటర్ దగ్గరికి వెళ్లింది. “మా ఆయన చొక్కాలు బీరువా నిండా ఉన్నాయి. వాటికీ ఈ శ్రేణి ఇస్తారాండీ?”

పర్యవేక్షకుడు తలెత్తకుండానే చెప్పాడు: “భర్తల చొక్కాలు తీసుకోవడం మానేశామమ్మా. అన్నిటికీ ఇదే శ్రేణి ఇవ్వాల్సి వచ్చి ముద్ర అరిగిపోయింది.”