నాలుగో పూత

...అయినా పాడైపోయిన రోడ్డును చూసి ఇంజనీరు సిగ్గుపడాలా, ధీమాగా ఉండాలా? ధీమాగానే ఉండాలని దత్తాత్రేయ గడ్డం గీసుకుంటూ తేల్చుకున్నాడు. చల్లపల్లికి ఇవతల కాలవ వెంట ఉన్న ఆ నాలుగు కిలోమీటర్లు ఏటా వరదకు మునుగుతాయి. ధాన్యం లారీలు, రొయ్యల లారీలు రోజుల తరబడి ఆగిపోతాయి. రోడ్డు ఎత్తు పెంచి, పెద్ద తూములు కట్టాలంటే అప్పు కావాలి. అప్పిచ్చే బ్యాంకు అధికారి శ్రీలలిత ఇవాళ చూడటానికి వస్తోంది. ఆమె కాదంటే మరో ఐదేళ్ళు ఆ ఊసెత్తే వాళ్ళుండరు. తను చెప్పాల్సిందేముంది? గుంతలే చెబుతాయి.

కాఫీ తాగుతూ మేస్త్రీ రత్తయ్యకు ఫోన్ చేశాడు.

"రత్తయ్యా, రోడ్డెలా ఉంది?"

"బెంగెట్టుకోకండి సార్. అద్దంలా ఉంది!"

కాఫీ ఒలికింది. "అద్దమేంటయ్యా?"

"పెద్దోళ్ళొస్తన్నారని మీరేగా చెప్పింది! రెండ్రోజుల్నించీ గుంతలు పూడుస్తానే ఉన్నాం."

"నా పరువు తీశావు కదయ్యా!" అని దత్తాత్రేయ ఫోన్ పెట్టేశాడు.

పైవాళ్ళ కోపానికి రత్తయ్యకు తెలిసిన అర్థం ఒక్కటే: చేసింది చాలలేదు. దత్తాత్రేయ విజయవాడ నుంచి వెళ్ళేసరికి రోడ్డుకు రెండు వైపులా బ్లీచింగ్ పౌడర్ గీతలు, తూముకు సున్నం, మధ్యలో షామియానా. దాని కింద సర్పంచి రాజ్యలక్ష్మి కొబ్బరిబొండాలతో సిద్ధంగా ఉంది.

శ్రీలలిత కారు దిగింది. "రిపోర్టులో గుంతలన్నారు. కార్లో కాఫీ తాగుతూ వచ్చానండీ. చుక్క ఒలకలేదు."

దత్తాత్రేయ చేతిలో గొడుగు ఉంది. కాళ్ళ దగ్గర నల్లటి అతుకు. ఒక్క పోటు చాలు. కాని ఇరవై ఏళ్ళుగా కప్పిపుచ్చడమే అలవాటైన చేయి కదలలేదు. పైవాళ్ళ ముందు లోపం చూపించాలంటే ఈ భయం తనకు ఏ వయసులో పట్టుకుందా అని అతను ఆలోచిస్తుండగా ఆమె పుస్తకంలో రాసుకుంది: "మరమ్మతు అవసరం కనిపించలేదు."

"రోడ్డు భలే చూసుకుంటున్నారే!" అంది మర్యాదకు.

రత్తయ్య పొంగిపోయాడు. "ఈ ఏడాది నాలుగోసారండి! పెద్దోళ్ళొచ్చినప్పుడల్లా ఓ పూత ఏస్తాం. ఆళ్ళెళ్ళాక వానొచ్చి లేపుకుపోద్ది."

"ఊరికే తీసిపారేయకయ్యా," అంది రాజ్యలక్ష్మి, "పోయినసారిది తొమ్మిది రోజులుంది."

శ్రీలలిత కలం ఆగింది. "దీని కింద ఏముంది దత్తాత్రేయగారూ?"

కింద ఏముందో అక్కడ అందరికీ తెలుసు, కాని ఆమె అడిగింది అతన్ని. గొడుగు ఎత్తి అతుకులో పొడిచాడు. పూత అట్టులా లేచింది. దాని కింద ఇంకో పూత, ఆ కింద బురద. గొడుగు సగం దాకా దిగిపోయి, చుట్టూ కాలవ నీరు ఊరింది.

శ్రీలలిత రాసింది కొట్టేసి కొత్త కాగితం తిప్పింది. రెండో పేజీ కూడా నిండింది.

రత్తయ్య మెల్లగా దగ్గరికొచ్చాడు. "కొత్త రోడ్డు శంకుస్థాపనకి పెద్దోళ్ళొస్తారుగా సార్. బ్లీచింగు రెండు బస్తాలు మిగిలింది, దాచమంటారా?"