మా ఆవిడ సంతకం

దాంపత్యానికి సీపీఏ పరీక్షను మించిన టానిక్ లేదు. మీ ఇంట్లో భార్యగానీ భర్తగానీ కాస్త తీరిగ్గా కనిపిస్తే వెంటనే ఆ అకౌంటెంట్ లైసెన్సు పరీక్షకు ఫీజు కట్టేయండి. నేను ఊరికే చెప్పే మనిషిని కాను. అమెరికాలో, విస్కాన్సిన్‌లో ఇరవై ఆరేళ్లుగా మంచు తోసే మిషన్లూ గడ్డి కోసే మిషన్లూ అమ్ముతున్నాను. లాభం లేని మాట నా నోట రాదు.

ఆ పరీక్ష మా గడప తొక్కేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: ఒక దుకాణం, దాని వెనక ఒక షెడ్డు, మార్లిస్ అనే భార్య, శుక్రవారం సాయంత్రాలు క్లబ్బులో చేపల వేపుడు, నవంబరులో జింకల వేటకు తొమ్మిది రోజులు, బ్యాంకులో ఒక అప్పు.

అప్పు సంగతి ముందే చెప్పేస్తాను. చలికాలం సరుకు వేసవిలో కొనాలి కనుక బ్యాంకు నాకు ఏటా అప్పిస్తుంది. ఇచ్చేముందు, లైసెన్సున్న అకౌంటెంటెవరైనా నా లెక్కలు పరిశీలించి సంతకం పెట్టాలంటుంది. లెక్కలు రాసేది మార్లిస్. ఊళ్లో వెండెల్ హావర్‌క్యాంప్ గారి అకౌంట్ల ఆఫీసులో అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆమే పెద్ద దిక్కు. కానీ లైసెన్సు లేదు. వెండెల్ గారికి ఉంది, అయినా నా లెక్కలు ముట్టుకోడు. “మీ ఆవిడ నా దగ్గర పనిచేస్తోంది కదా లైల్, బాగుండదు” అంటాడు. మొహమాటస్తుడు అనుకున్నాను.

అందుకని మా ఆవిడ రాసిన లెక్కల్ని నలభై మైళ్ల అవతల ఒక పెద్దమనిషికి పంపుతాను. ఆయనకు అర్థం కానిచోట మార్లిస్‌కే ఫోన్ చేసి అడుగుతాడు. ఆమె చెబుతుంది. ఆయన సంతకం పెడతాడు. నాలుగు వేల రెండు వందల డాలర్ల బిల్లు పంపుతాడు.

ఒక రోజు వెండెల్ గారు మార్లిస్‌ను పిలిచి, “నాకు డెబ్బై వచ్చాయి. నీ పేరు చివర సీపీఏ అనే ఆ మూడక్షరాలూ తెచ్చుకో, ఈ ఆఫీసు నీకే అప్పగిస్తాను” అన్నాడు. ఇంటికొచ్చి చెప్పగానే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవాణ్ణి నేను. భార్య ఉన్నతి కోరని భర్త ఉంటాడా? ఏటా నాలుగు వేల రెండు వందలు మిగిలే ఉన్నతి అయితే మరీను!

ఇక ఆ పరీక్ష చేసిన మేళ్లు వినండి.

మొదటి మేలు, కళాభివృద్ధి. పరీక్షకు దరఖాస్తు పెట్టాలంటే కాలేజీలో నూట యాభై క్రెడిట్లు పూర్తయి ఉండాలి. మార్లిస్‌కు ఆరు తక్కువయ్యాయి. ఆ ఆరూ ఏ సబ్జెక్టులోనైనా ఫరవాలేదన్నారు. దగ్గర్లో చవగ్గా దొరికింది కుండలు చేయడం. దాంతో మార్లిస్ అకౌంటెంట్ కావడానికి ఒక చలికాలమంతా బంకమన్ను పిసికింది. మొత్తం పదకొండు కుండలు. ఒక్కటీ బల్లమీద తిన్నగా నిలబడదు. అయితేనేం? పెద్దపెద్ద కంపెనీల లెక్కలు ఇంతకన్నా తిన్నగా నిలబడ్డాయా?

రెండో మేలు, క్రమశిక్షణ. భోజనాల బల్ల పుస్తకాల వశమైంది. నేను సింకు పక్కన నిలబడి తినడం నేర్చుకున్నాను. నిలబడి తింటే తక్కువ తింటాం, ఆరోగ్యం! మార్లిస్ నెలకొకసారి నూడుల్సూ మాంసమూ కలిపి ముప్ఫై డబ్బాలు వండి ఫ్రీజర్లో పెట్టేది. ఒక్కోదానిమీద తేదీ వేసి, ఫ్రీజరు మూతకు తన పుస్తకంలోని సరుకు నిల్వల సూత్రం ఒకటి రాసి అంటించింది: ‘మొదట పెట్టినది మొదట తీయవలెను.’ ఒకసారి ఆకలికి చేతికందిన కొత్త డబ్బా తీశాను.

“పద్ధతి మార్చావు” అంది మార్లిస్, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

“ఆకలేసింది.”

“మార్చకూడదని లేదు. ఎందుకు మార్చావో, దానివల్ల పాత డబ్బాలమీద ప్రభావమెంతో రాసిపెట్టు.”

రాశాను. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఆమెకు నేను రాసిన మొదటి ఉత్తరం అదే. చూశారా, ప్రేమలేఖలు కూడా రాయిస్తుంది ఈ పరీక్ష!

మూడో మేలు, స్నేహవృద్ధి. శుక్రవారాలు క్లబ్బుకు ఒంటరిగా వెళ్లేవాణ్ణి కనుక, ఊరికి అవతలి చివర నేను అమ్మే సరుకే అమ్మే డెల్బర్ట్ నా బల్ల దగ్గరికొచ్చి కూర్చునేవాడు.

“ఏమయ్యా లైల్, మీ ఆవిడ వదిలేసిందటగా?”

“చదువుకుంటోంది.”

“ఈ వయసులోనా? ఆవిడ చదువు పూర్తిచేసి నిన్ను లెక్కగడితే ఎంతకు తేలతావో ఆలోచించుకున్నావా?”

“నీకన్నా రెండు డాలర్లు ఎక్కువే తేలతాను.”

“తరుగుదల తీసేశాకా?” అన్నాడు నా పొట్టకేసీ బట్టతలకేసీ చూసి. క్లబ్బంతా నవ్వింది. డెల్బర్ట్ నా చేప ముక్క ఒకటి తీసుకుని తిన్నాడు.

పరీక్ష నాలుగు భాగాలు. ఒక్కోదానిలో డెబ్బై అయిదు రావాలి. అప్పటి నియమం ప్రకారం, ఒక భాగం గట్టెక్కిన రోజు నుంచి పద్దెనిమిది నెలల్లో మిగతా మూడూ గట్టెక్కాలి. లేకపోతే మొదటిది చెల్లదు. పాల సీసామీద తేదీ దాటినట్టన్నమాట. నిన్నటిదాకా మీకు తెలిసినది ఇవాళ విరిగిపోతుంది. దీనివల్ల జ్ఞానాన్ని ఫ్రిజ్‌లో పెట్టుకోవాలనే మంచి అలవాటు వస్తుంది.

పరీక్ష కేంద్రం గంటన్నర దూరం. నేనే తీసుకెళ్లేవాణ్ణి. అక్కడి ఆవిడ మార్లిస్ జేబులు బయటికి తిప్పించి, చొక్కా చేతులు మడిపించి, కళ్లజోడు తీయించి దాని కాడలు కూడా వెలుతురులో పెట్టి చూసింది. నాకు చాలా నచ్చింది. మా షెడ్డులో ఏటా మాయమయ్యే స్పార్క్ ప్లగ్గుల కోసం ఆవిణ్ణి జీతానికి పెట్టుకుందామనుకున్నాను.

మూడు భాగాలు వరసగా గట్టెక్కాయి. నాలుగోది ఆడిట్. అంటే ఇతరుల లెక్కలు నిజమో కాదో తేల్చే విద్య. మార్లిస్ ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పనే. కళ్లు మూసుకుని రాస్తుందనుకున్నాం. ఒక ఆదివారం ఆమె కంప్యూటర్లో అభ్యాసపు ప్రశ్నలు చేస్తూ పైకి చదివింది.

“ఒక పాడి కంపెనీ తన దగ్గర నాలుగు వందల పన్నెండు ఆవులున్నాయంటోంది. ఆడిటర్ ముందుగా ఏం చెయ్యాలి?”

“వెళ్లి ఆవుల్ని లెక్కపెట్టాలి” అన్నాను.

“నేనూ అదే నొక్కాను. తప్పట.”

“మరేం చెయ్యాలట?”

“ఆవుల్ని లెక్కపెట్టే పద్ధతి వాళ్లదగ్గర రాతమూలకంగా ఉందో లేదో తెలుసుకోవాలట.”

“ఆవులో?”

“ఆవులు తర్వాత.”

మా జిల్లాలో మనుషులకన్నా ఆవులే ఎక్కువ. ఏ రైతు ఎన్ని ఆవుల్ని దాస్తాడో, ఎవడు పక్కవాడి ఆవుల్ని తన కొట్టంలో నిలబెట్టి చూపిస్తాడో మార్లిస్‌కు పేరుపేరునా తెలుసు. లెక్క తేడా వస్తే ఆ రైతు భార్యకు ఫోన్ చేస్తుంది. అయిదు నిమిషాల్లో నిజం బయటపడుతుంది. పరీక్షలో ఇచ్చిన జవాబుల్లో ‘భార్యకు ఫోన్ చేయాలి’ అన్నది లేదు.

మార్కులొచ్చాయి. డెబ్బై నాలుగు.

నేను సరుకు తెచ్చుకుని వచ్చేసరికి మార్లిస్ గరాజులో కారు ఆపి, అందులోనే కూర్చుని ఉంది. పక్క సీట్లో కూర్చున్నాను.

“ఈ పనే చేస్తున్నాను లైల్, ఇరవై రెండేళ్లుగా. నాకీ పని రాదంటున్నారు.”

“ఒక్క మార్కే కదా.”

“ఒక్క ఆవు తక్కువైనా తక్కువే.”

మొదటి భాగం గడువు అక్టోబరు ముప్ఫై ఒకటి. మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం. అది పోతే మొదటి భాగం చెల్లదు, దాన్ని మళ్లీ రాయాలి, రాసేలోగా రెండోదానికి గడువు తీరుతుంది. వెండెల్ గారు అన్నాళ్లు ఆగలేనన్నాడు. ఇలాంటప్పుడు బేరగాడి బుద్ధే పనికొస్తుంది.

“మార్లిస్, ఈసారి నువ్వు నువ్వులా రాయకు. నిన్ననే ఈ ఊళ్లో బస్సు దిగావు. ఇక్కడెవరూ నీకు తెలియదు. ఆవంటే ఎలా ఉంటుందో చూడలేదు. అలా రాయి.”

ఆమె నావైపు అదోలా చూసింది. కానీ వింది. ఆ వేసవంతా తెలిసినవన్నీ ఒక్కొక్కటే మరచిపోతూ చదివింది. ప్రశ్న రాగానే మనసులో మొదట ఏం తోస్తుందో దాన్ని పక్కనపెట్టి, ఏమీ తెలియనివాడు ఏం రాస్తాడో అది నొక్కింది. గడువుకు తొమ్మిది రోజుల ముందు ఫలితం వచ్చింది.

డెబ్బై అయిదు!

వెండెల్ గారు ఫోన్‌లో, “డెబ్బై ఆరు వచ్చుంటే కోప్పడేవాణ్ణి, ఆఫీసు వేళల్లో చదివావని” అన్నాడు. మార్లిస్ ఫోన్ పెట్టేసి, ముఖం తువ్వాలులో దాచుకుంది. నేను మాత్రం అప్పుడే నలభై మైళ్ల అవతలి పెద్దమనిషికి వీడ్కోలు ఉత్తరం రాయడం మొదలుపెట్టాను.

మిగిలింది ఒక లాంఛనం. లైసెన్సుకు ముందు నీతి పరీక్ష. ఇంట్లోనే రాయవచ్చు, పుస్తకం తెరిచి పెట్టుకుని రాయవచ్చు. అయితే తొంభై రావాలి. తెలివికి డెబ్బై అయిదు చాలు, నీతికి మాత్రం తొంభై, అదీ పుస్తకం చూసి! మనుషుల్ని ఇంత బాగా అర్థం చేసుకున్న పరీక్ష మరొకటుందా?

కాఫీ తీసుకెళ్లి ఇచ్చాను. “ఇది విను” అంది. “అకౌంటెంట్ భర్తకు ఒక దుకాణం ఉంది. బ్యాంకు కోసం ఆ దుకాణం లెక్కలు పరిశీలించి ఆమె సంతకం పెట్టవచ్చా?”

“మనకోసమే రాసినట్టుంది. పెట్టవచ్చు అని నొక్కు.”

“పెట్టకూడదు.” నొక్కేసింది.

“అదేమిటి? నా లెక్కలు నీకన్నా ఎవరికి తెలుసు?”

“అందుకే పెట్టకూడదు.”

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. “ఈ సంగతి నీకెప్పుడు తెలుసు?”

“పుస్తకం తెరిచిన మొదటి వారం.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే రెండున్నరేళ్లు నోరు మూసుకుని ఉండేవాడివా?”

ఆలోచించాను. ఉండేవాణ్ణి కాదు. “దీనికి దారేమీ లేదా?”

“ఉంది. విడాకులు” అంది మార్లిస్, తర్వాతి ప్రశ్నకు వెళుతూ.

ఒప్పుకుంటాను, ఆ లెక్క కూడా వేసి చూశాను. లాయరు ఫీజు, సగం దుకాణం. గిట్టుబాటు కాదు.

నీతిలో తొంభై ఆరు వచ్చాయి. ఆఫీసు తలుపుమీద ఇప్పుడు మార్లిస్ పేరు, ఆ పేరు చివర మూడక్షరాలు. జిల్లాలో సగం మంది లెక్కలమీద ఆమె సంతకం ఉంటుంది. వాళ్లలో డెల్బర్ట్ ఒకడు. అతను ఏ మిషను ఎంతకు కొంటాడో, ఎంతకు అమ్ముతాడో, ఎన్ని అమ్ముడుపోక షెడ్డులో పడున్నాయో అన్నీ మా ఆవిడకు తెలుసు. రోజూ నా ఎదురుగా కూర్చుని భోంచేస్తుంది. తన దగ్గరికొచ్చేవాళ్ల గుట్టు బయటపెట్టకూడదన్నది కూడా ఆ నీతి పుస్తకంలోనే ఉందట. “ఈ ఏడు డెల్బర్ట్ బాగా అమ్మాడా?” అంటే, “బంగాళాదుంపలు ఇలా అందుకో” అంటుంది.

ఇక ఆఖరి లెక్క. డెల్బర్ట్ మార్లిస్‌కు ఏటా ఇచ్చేది నాలుగు వేల ఎనిమిది వందలు. నేను అవతలి పెద్దమనిషికి ఇప్పటికీ ఇచ్చేది నాలుగు వేల రెండు వందలు. పరీక్ష వల్ల మా ఇంటికి ఏటా ఆరు వందల డాలర్లు నికర లాభం. ఈ లెక్క సరైనదేనని ధ్రువీకరించగల మనిషి ఈ జిల్లా మొత్తానికీ ఒక్కరే ఉన్నారు. ఆవిడ సంతకం పెట్టదు. నా భార్య.