నూనె పుల్లలపై హేమలత దిగ్విజయము

ఆలకింపుడు! దగ్గువచ్చువారు బయటికేగి దగ్గి రండు. మేఘుడు మొగము చాటేసిన అనంతపురపు ఎర్రమెట్టపై, మధ్యాహ్న మార్తాండ ప్రచండ కిరణ సంతప్తమగు విశ్వవిద్యాలయమందు, తూర్పు ఆసియా అధ్యయన కేంద్రమను రేకులకప్పు మహాసౌధంబున, రెండు కొయ్యపుల్లలతో భుజించు జపాను మర్యాదకు ప్రాక్టికల్ పరీక్షయను ఘోరసంగ్రామము సాగుచుండెను.

బల్లచెంత నిలిచినది మడకశిర గొర్రెలకాపరి ఓబన్న కూతురు హేమలత. జపాను భాషలో ప్రథమురాలైన ఆ వీరబాల పుల్లలచేత రెండుమార్లు పరాభూత. ఇది కట్టకడపటి అవకాశము. ఐదు నిమిషములలో ఐదు వేరుశనగ గింజలను పళ్లెమునుండి గిన్నెకు చేర్చనిచో డిప్లొమా లేదు, రెండేండ్ల చదువు గంగపాలు! ఈ సీమలో గంగ యెక్కడిదని నన్నడుగకుడు.

పట్టెను, జారెను. మరల పట్టెను, గింజ యెగిరి పరీక్షాధికారిణి కృపాకుమారి కళ్లద్దములను తాకెను. నాలుగు నిమిషములు గతించెను. గిన్నె శూన్యము.

"ఓబుళేసన్నా, పుల్లలు ఇట్ల జారతాండాయి, ఏం చేసినావప్పా?" అని హేమలత వాకిట నిలిచినవానిని నిలదీసెను.

"పరీచ్చ గదా పాపా, పొద్దున్నే నూనె పెట్టినా! ఎట్ల మెరుస్తాండాయో చూడు!" అనెను అటెండరు ఓబుళేసు. ఎద్దుకొమ్ములకైనను, బండి ఇరుసుకైనను, జపాను పుల్లలకైనను నూనె పట్టించుట ఆ మహానుభావుని జీవితవ్రతము.

హా! హేమలతకు నాయన జ్ఞప్తికి వచ్చెను. గొడ్డలి యెత్తుటకు ముందు ఓబన్న అరచేతులకు మన్ను రుద్దుకొనును. ఈ కేంద్రమున నీటికి కరువు గాని మన్నునకు కరువా? కిటికీగట్టుపై వ్రేలిమందమున పేరుకొనియుండెను. ఒక్క దూకు దూకి ఆమె పుల్లలను ఆ ధూళిలో పొర్లించెను.

"ఆగు! ఇదేం పద్ధతి?" అని కృపాకుమారి గర్జించెను.

"వేళ్లతో ముట్టగూడదని రాసినారు. మన్ను పూయగూడదని యాడ రాసినారు మేడం?"

మేడం నిబంధనల కాగితము తిప్పి తిప్పి చూచెను. ఎక్కడను లేదు. "సరే, కానీ. ముప్పై సెకండ్లే ఉండాయి."

ఒకటి! రెండు! మూడు! నాలుగు! పొట్టూడిన దుర్మార్గపు ఐదవ గింజ వణకెను, ఒరిగెను, కడపటి సెకనున గిన్నెలో టక్కున పడెను.

జయము! దిక్కులు పిక్కటిల్లుగాక! ఒక వేరుశనగ గింజ జానెడు దూరము ప్రయాణించెను! కృపాకుమారి ఎర్రసిరాతో 'పాస్' అని లిఖించెను.

"చూస్తివా పాపా, మన నూనె మహిమ!" అని ఓబుళేసు మీసము దువ్వెను.

హేమలత కన్నీరు తుడుచుకొనుచు ఆ ఐదవ గింజను నోట వేసుకొనెను. మన్ను కరకరలాడినను ఉమ్మలేదు.