అరవై ఏడు మేలు, డెబ్బై ఏడు ఫిమేలు

ఆదివారం ఉదయం హరిబాబు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. టీ తాగాలి, విజయనగరంలో కెమెరా సామాన్ల దుకాణం నడిపే స్నేహితుడు దేవేంద్రకు ఫోన్ చేయాలి, ఒక రింగు తెప్పించుకోవాలి. ఇందులో పెళ్లి ప్రసక్తి ఎక్కడా లేదు.

అసలు పెళ్లి అన్న మాటంటేనే హరిబాబుకు విరక్తి. రాజాంలో స్టూడియో పెట్టిన ఇరవై రెండేళ్లలో అతను తీసినవి పెళ్లి ఫోటోలు, కాకుంటే పాస్‌పోర్టు ఫోటోలు. ఇన్నాళ్లకు సంహిత అనే లెక్చరరు గారు, రామతీర్థం కొండ మీది బౌద్ధ శిథిలాల గురించి తాను రాస్తున్న పుస్తకానికి ఒక్క మంచి ఫోటో కావాలన్నారు. అదీ అతని పాత ఫిల్ము కెమెరాతోనే, నలుపు తెలుపులోనే కావాలన్నారు. ఆకాశం నల్లగా, మబ్బులు తెల్లగా రావాలంటే లెన్సుకు ఎర్ర ఫిల్టరు బిగించాలి. లెన్సు మూతి అరవై ఏడు మిల్లీమీటర్లు, ఉన్న ఫిల్టరేమో డెబ్బై ఏడు. ఆ రెండింటినీ కలిపే అడాప్టర్ రింగులో లెన్సులోకి దూరే అంచును మేలనీ, ఫిల్టరును పట్టే అంచును ఫిమేలనీ అంటారు. అది లేకపోతే, రేపు రామతీర్థంలో ఆవిడ ముందు పరువు పోవడం ఖాయం.

హరిబాబు ఫోనులో గట్టిగా మాట్లాడతాడు. విజయనగరం దూరం కదా అని అతని ఉద్దేశం.

"ఒరే దేవేంద్రా, రింగు కావాల్రా. అరవై ఏడు మేలు, డెబ్బై ఏడు ఫిమేలు. తిరగేసి పంపీగలవు, జాగర్త! మన అరవై ఏడు పాతదే గానీ గట్టిదిరా, లోపల కాసింత బూజు పట్టినాది, అంతే. మెల్లగా తిప్పితే రెండూ కలిసిపోతాయి. రేపు పొద్దున్నే రామతీర్థంలో పని కానిచ్చీడమే!"

వంటింట్లో ఉప్మా కలుపుతున్న అతని భార్య అనిత చేతిలో గరిటె ఆగిపోయింది. వీధిలో అరవై ఏడేళ్ల మగమనిషి ఒక్కడే, ఎదురింటి ఎర్రన్న. భార్య పోయాక రోజూ వీళ్లింటికే టీకి వచ్చే రిటైర్డ్ బస్సు కండక్టరు. ఆ టీ పోసేది హరిబాబును పెంచిన మేనత్త కూర్మమ్మ. ఆమె భర్త పోయి ఇరవై ఏళ్లయింది, ఆమె వయసు ఆధార్ కార్డుకు తప్ప ఎవరికీ తెలియదు. రింగు, పెళ్లిళ్లు జరిగే రామతీర్థం గుడి... ఇక ఆలోచించడానికి ఏముంది?

"డెబ్బై ఏడా! అత్త ఎప్పుడూ సెప్పనేదే!" అనుకుంటూ అనిత గోడ మీంచి పక్కింటి ధనలక్ష్మి చెవిలో వేసింది, ఎవరికీ చెప్పొద్దని. ధనలక్ష్మి కూడా ఎవరికీ చెప్పొద్దంటూనే వీధంతా చెప్పింది. పదింటికల్లా రామతీర్థానికి వ్యాను మాట్లాడారు. పదకొండింటికి గడ్డం గీయించుకోవడానికి వెళ్లిన ఎర్రన్నకు కబురు మంగలి చెప్పాడు. ఎర్రన్న కాసేపు ఆలోచించి, జుట్టుకు రంగు కూడా వెయ్యమన్నాడు.

మధ్యాహ్నం బస్‌స్టాండులో పార్సిలు తీసుకుని వస్తున్న హరిబాబుకు ధనలక్ష్మి ఎదురైంది.

"రింగు వచ్చినాదేటి?"

ఈ వీధికి ఫోటోగ్రఫీ మీద ఇంత ఆసక్తి ఉందా అని హరిబాబు పొంగిపోయాడు. "వచ్చినాది వదినా. కొలత సూసే తెప్పించినాను."

"అరవై ఏడుకి అంత సత్తువుందంటావా?"

"అదేటి వదినా, ఇనప ముక్కలాటిది! డెబ్బై ఏడే సున్నితం. గట్టిగా పట్టుకుంటే గీతలు పడిపోతాయి."

ధనలక్ష్మి చెవులు మూసుకుంది.

ఇంటి ముందు జనం. మధ్యలో కుర్చీలో తారులాంటి జుట్టుతో, పట్టుపంచెతో ఎర్రన్న. హరిబాబు డబ్బా విప్పగానే అతను సిగ్గుపడుతూ వేలు చాపాడు. రింగు చూస్తే గాజంత ఉంది.

"ఇది నీకెందుకు మావా?" అన్నాడు హరిబాబు అయోమయంగా.

"పెళ్లికూతుర్ని తీసుకురండే! డెబ్బై ఏడొచ్చినా సిగ్గు పోనేదు!" అని ఎవరో అరిచారు. పెరట్లోంచి కూర్మమ్మ విసురుగా వచ్చింది.

"ఎవరికే డెబ్బై ఏడు? నాకింకా అరవై ఆరే! ఎవడ్రా సెప్పినోడు?"

వేళ్లన్నీ హరిబాబు వైపు తిరిగాయి. అతను పరుగున కెమెరా తెచ్చి, అందరి ముందూ లెన్సుకు రింగు, రింగుకు ఫిల్టరు బిగించి, మేలేదో ఫిమేలేదో చెమటలు కక్కుతూ చూపించాడు. జనం చప్పబడిపోయారు.

"అయితే నానెల్లొస్తాను," అంటూ ఎర్రన్న లేచాడు. హరిబాబు ఆ ముఖం చూశాడు. ఇరవై ఏళ్లుగా అత్తకు మాట్లాడే తోడెవరని తనకు ఒక్కసారీ తోచనందుకు సిగ్గేసింది.

"ఆగు," అంది కూర్మమ్మ. "ఒయసు తప్పన్నాను. మిగతాది తప్పని నాను అన్నానేటి?"

మర్నాడు గుడిలో పెళ్లయ్యాక వ్యాను జనమంతా దగ్గర్లోని కొండెక్కారు. రింగు బ్రహ్మాండంగా పట్టింది, ఆకాశం నల్లగా దిగింది. ఫిల్ములో ఉన్నవి పదే ఫోటోలు. పదింటిలోనూ శిథిలాల ముందు అత్తా మావా పూలదండలతో నిలబడ్డారు, తప్పుకోమనే ధైర్యం హరిబాబుకు లేకపోయింది. సంహిత గారు కడుపుబ్బా నవ్వి, ఉన్నవాటిలో నయమైనది పుస్తకంలో వేసి, కింద "రెండు వేల ఏళ్లకు పైబడినవి" అని రాశారు.

ఆ ఏళ్లు ఎవరివో విడమరిచి రాయలేదని కూర్మమ్మ ఆవిడతో ఇప్పటికీ మాట్లాడటం లేదు.